రాతిని తినెడు పొగ

వంటయింటిలోని కడపరాతి గట్టుమీద నిమ్మరసపు చుక్క పడి, వెంటనే తుడువనియెడల, అచ్చట తెల్లని మచ్చ నిలుచుట గృహిణులలో పెక్కుమంది ఎరిగినదే. ఎంత తోమినను అది పోదు. ఏలయన అది మురికి కాదు, రాయి కరిగిన చోటు. కడపరాయి సున్నపురాతి జాతిది. పులుపు తగిలిన సున్నపురాయి కరగును. ఈ చిన్న సంగతి తెలిసిన సోదరీమణులకు, మహానగరములలోని గొప్ప కట్టడములు పొగవలన ఏల చెడుచున్నవో మేము చెప్పుట కష్టము కాదు.

నేలబొగ్గునందు గంధకము కొంత యుండును. బొగ్గు కాలునపుడు గంధకవాయువు పుట్టి, మంచుతోను వానతోను కలిసి ఆమ్లమగును. అది తగిలిన సున్నపురాతి పైపొర జిప్సముగా మారును. జిప్సము నీటిలో సున్నపురాతికంటె సులభముగ కరగును. కావున వాన పడు తావులందు అది కొట్టుకొనిపోవుచుండ, రాయి తెల్లగా కనబడుచునే అరిగిపోవును. చూరుల క్రిందను, శిల్పముల మడతలయందును వాన తగులక నిలిచిన జిప్సము మసిని పట్టుకొని నల్లని పెచ్చు కట్టును. ఆ పెచ్చు ఊడునపుడు క్రింది రాతిని గూడ తీసికొనిపోవును. ప్రతిమల ముక్కులు, వ్రేళ్లు, పూరేకులు ముందుగా పోవును. తెల్లనిది బాగున్నది, నల్లనిదే చెడినది అని చూపరులనుకొందురు గాని, రెండుచోట్లను నష్టమే.

దీనికి లండనులోని సెయింటుపాల్సు దేవాలయమును మించిన నిదర్శనము లేదు. 1666లో నగరము కాలిపోయిన పిమ్మట క్రిస్టఫరు రెన్ అను శిల్పి దానిని పోర్టులండు సున్నపురాతితో 1675లో ప్రారంభించెను. 1710 నాటికి పని ముగిసెను. వ్యయమునకు ధనము చాలవరకు లండనుకు వచ్చు నేలబొగ్గుపై వేసిన పన్నువలన లభించినది. బొగ్గు సొమ్ముతో లేచిన గోడలను బొగ్గుపొగయే తినుట ఎంతటి విపరీతము! బొగ్గుపొగ నగరమును పాడుచేయుచున్నదని జాన్ ఈవ్లిన్ అను పండితుడు 1661లోనే గ్రంథము వ్రాసి రాజునకు సమర్పించియుండెను. వినినవారు లేరైరి.

ఆ దేవాలయపు పైకప్పు పిట్టగోడ రాళ్లను ఎత్తుటకు చేసిన రంధ్రములలో 1718 ప్రాంతమున సీసము కరిగించి, రాతితో సమముగా పోసిరి. రాయి అరిగినది, సీసము నిలిచినది. దాదాపు 260 ఏండ్ల తరువాత శాస్త్రజ్ఞులు కొలువగా, సీసము సుమారు 20 మిల్లీమీటర్లు పైకి నిలిచియుండెను. పనివారు ఎరుగక పెట్టిన కొలబద్ద అది!

ఇంతలో మనుష్యుల ఊపిరితిత్తుల గతి యేమి? 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు లండనును పొగమంచు కప్పివేసెను. నాటి లెక్కలోనే మృతులు సుమారు 4000. తరువాతి పరిశోధకులు అంతకు మిక్కిలి హెచ్చుగా చెప్పిరి. ఆ పొగలో పెద్ద భాగము కర్మాగారములది కాక ఇండ్లలోని చలిమంటలది. 1956లో గాని శుభ్రవాయు శాసనము రాలేదు. రాయి మూడు వందల యేండ్లుగా చెప్పుచుండినను చలింపని ప్రభుత్వము, ఇన్ని ప్రాణములు పోయిన పిమ్మట కదలినదని మా అభిప్రాయము.

శాసనము వ్యర్థము కాలేదు. బొగ్గుపొయ్యిలు తగ్గినవి, 1983లో బాటర్సీ విద్యుత్కేంద్రము మూతబడెను. 1980 మొదలు ముప్పది యేండ్లు ఆ పిట్టగోడను మరల మరల కొలిచినవారు, అరుగుదల పూర్వముకంటె తగ్గినదని తేల్చిరి. అయినను పోయిన రాయి తిరిగి రాదు. మసి కడిగి, చెడిన రాళ్లు మార్చి బాగుచేయుటకు పదునైదేండ్లును, నాలుగు కోట్ల పౌనులును పట్టి, 2011లో ఆ పని ముగిసెను. నేడు బండ్ల పొగ వేరొక విధమున పెచ్చు కట్టించుచున్నది.

లండను గాలితో మన తెలుగు రాతికిని సంబంధము కలదు. అమరావతి స్తూపపు శిల్పములు పల్నాటి సున్నపురాతివి. వానిలో నూటికి పైబడిన శిలలు 1859లో ఓడపై లండను చేరి, 1880లో బ్రిటిషు మ్యూజియమునకు చెందెను. బుద్ధుని కథలు చెక్కిన ఆ పలుచని గీతలు పాడుగాకుండుటకై, 1992 నుండి వానిని గాజుగోడల వెనుక, గాలిని అదుపుచేసిన గదిలో ఉంచియున్నారు.