జబ్బుపడిన పెరటి కోడికి ఇంటివద్ద సంరక్షణ: బొగ్గుగనుల ప్రాంతంలో పాటించవలసిన జాగ్రత్తలు

రామగుండం, గోదావరిఖని, సెంటినరీ కాలనీ ప్రాంతాల్లో సింగరేణి క్వార్టర్ల వెనుక ఉండే పెరడు చిన్నదే అయినా, అందులో నాలుగైదు నాటుకోళ్లో, వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ వంటి మెరుగుపరచిన రకాలో తిరుగుతుంటాయి. కొందరు డాబాపై పావురాలను సాకుతారు. పిల్లలకు గుడ్డు, పండుగకు పుంజు, ఇంటికి కాస్త సందడి - ఈ పెంపకానికి ఇంతకు మించిన లెక్కలు ఉండవు. అయితే ఒక కోడి ముడుచుకుని మూలకు చేరిన రోజున ఇంటివారు చేసే మొదటి పనిపైనే దాని ప్రాణంతోపాటు మిగిలిన కోళ్ల క్షేమమూ, చాలాసార్లు ఇరుగుపొరుగు కోళ్ల క్షేమమూ ఆధారపడి ఉంటాయి.

పక్షి తన జబ్బును వీలైనంతకాలం దాచుకుంటుంది. బలహీనంగా కనిపించిన దానిని తోటి కోళ్లు పొడుస్తాయి, పిల్లులు కనిపెడతాయి. అందువల్ల అది రెక్కలు వేలాడేసి కళ్లు మూసుకునే సమయానికి వ్యాధి ముదిరి ఉంటుంది. ఉదయం గూడు తలుపు తీసిన మొదటి పది నిమిషాలే పరిశీలనకు అనువైనవి. మేతకు చివరగా వచ్చేది ఏది, నిలబడి కునుకుతున్నది ఏది అని చూడాలి. మెడ కింది మేతసంచి రాత్రి నిండుగా ఉండి తెల్లవారేసరికి ఖాళీ కావాలి. ఉదయం కూడా గట్టిగానో, నీళ్లతో ఉబ్బినట్లో ఉంటే జీర్ణక్రియ నిలిచిందని అర్థం. రెట్ట గోధుమరంగులో ఉండి పైన తెల్లని పొర కనిపిస్తే ఆరోగ్యం. ఆకుపచ్చని నీళ్ల రెట్ట, రక్తపు చారలు ప్రమాద సూచనలు.

అనుమానం కలిగిన పక్షిని వెంటనే వేరుచేయాలి. ఈ ప్రాంతంలో తరచు పొరపాటు జరిగేది ఇక్కడే. వెచ్చగా ఉంటుందని గంపలో పెట్టి వంటింట్లో, పొయ్యి పక్కన ఉంచుతారు. బొగ్గు పొయ్యి లేదా కుంపటి వెలిగే ఇళ్లలో ఇది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. బొగ్గు సరిగా మండనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తులతోపాటు గాలి సంచులు కూడా ఉన్న పక్షి శ్వాసవ్యవస్థ గాలిలోని విషాన్ని మనిషికన్నా ఎంతో ముందే గ్రహిస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1911 నుంచి 1986 వరకు కానరీ పిట్టలను పంజరాల్లో లోపలికి తీసుకువెళ్లింది ఇందుకే. గని కార్మికుని ఇంట్లో ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అదే సూత్రం గంప కింది కోడికీ వర్తిస్తుందన్నదే గుర్తుకు రాదు. బాగా వేడెక్కిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే పొగ కూడా పంజరంలోని చిన్న పక్షులను నిమిషాల్లో చంపగలదు. కాబట్టి రోగి పక్షికి పొగ సోకని, గాలి ఆడే, ఈదర తగలని చోటు కావాలి. కింద పరచడానికి వరిపొట్టు, ఎండుగడ్డి మంచివి. బొగ్గు బూడిదలో హానికర లోహాలు ఉంటాయి, దాని ధూళి శ్వాసకు భారం. ధూళిస్నానానికైనా కట్టెబూడిదనే వాడాలి.

వెచ్చదనం అన్ని కాలాలకూ మందు కాదు. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. మొదటి వారం పిల్లకు దాదాపు 35 డిగ్రీలు అవసరం. చలికాలంలో నలతపడిన పెద్దకోడికి కూడా బల్బు వేడి సాయపడుతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం గాలి 44 డిగ్రీలు దాటినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. చుట్టూ ఉన్న గాలే పక్షిని వేడెక్కిస్తుంది. చెమట గ్రంథులు లేని కోడికి నోరు తెరిచి ఎగరొప్పడం తప్ప మార్గం ఉండదు. అప్పుడు నీడకు చేర్చి, కాళ్లను, తలపై తురాయిని చల్లని నీటితో తడపాలి. గూటికి తడి గోనెసంచి వేలాడదీయాలి. మంచునీటిలో ముంచకూడదు.

నీరు మేతకన్నా ముఖ్యం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను మనుషులకు కలిపే నీటికి రెట్టింపు నీటిలో కలిపి ఒకటి రెండు రోజులు ఇవ్వవచ్చు. ముక్కు పట్టి నోట్లో పోయడం మాత్రం తగదు. నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది. పోసిన నీరు నేరుగా అందులోకి దిగుతుంది. ముక్కు అంచున చుక్క చుక్కగా పెడితే కోడి తానే మింగుతుంది. మేతకు మెత్తగా ఉడికిన జొన్న సంకటి, గుడ్డు సొన చాలు.

మందుల విషయంలో ఇంటివారి చొరవ ఎంత తగ్గితే అంత మంచిది. సగం టెట్రాసైక్లిన్ మాత్ర, పారాసిటమాల్ ముక్క ఇవ్వడం అలవాటుగా మారింది. రాణిఖేత్ వంటి వైరస్ వ్యాధిపై యాంటీబయాటిక్ పనిచేయదు, దాని అవశేషాలు గుడ్డులోకి చేరుతాయి. నొప్పి మాత్రల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి వాటిని దేశమంతటా తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దానిని నిషేధించవలసి వచ్చింది.

ఇంటి సంరక్షణ ఫలించే జబ్బులు ఉన్నాయి. అమ్మతల్లి బొబ్బలు తురాయిపై, కనురెప్పలపై వచ్చినప్పుడు కళ్లను గోరువెచ్చని ఉప్పునీటితో తుడిచి, పక్కులను పీకకుండా వేపనూనె, పసుపు రాస్తే చాలా కోళ్లు మూడు నాలుగు వారాల్లో కోలుకుంటాయి. పిల్లల్లో రక్తపారుడుకు తడిసిన పరుపే మూలం. దానిని మార్చి, పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం ఇవ్వాలి. పావురం గొంతులో పసుపుపచ్చని గడ్డ కనిపిస్తే గీకకుండా వైద్యునికి చూపాలి. కొక్కెర తెగులు అని పిలిచే రాణిఖేత్‌కు మాత్రం చికిత్స లేదు. ఆకుపచ్చని రెట్ట, గురక, మెడ మెలితిరగడం దాని లక్షణాలు. టీకా వేయని మందలో దాదాపు అన్నీ పోవచ్చు.

అందుకే నలతపడిన కోడిని చచ్చేలోపు అంగడిలో అమ్మడం, కోసుకోవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అమ్మిన కోడి వెంట తెగులు మరో ఊరు చేరుతుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. కోళ్లు హఠాత్తుగా, వరుసగా చనిపోతే వాటిని ముట్టుకోకుండా పశువైద్యశాలకు తెలియజేయాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య సేవ అందుతుంది. చనిపోయిన పక్షిని మట్టిదిబ్బలపైనో, మురికి కాలువలోనో వేస్తే కుక్కలు, కాకులు దానిని మళ్లీ పెరటికి చేరుస్తాయి. మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. ఆ గూటి ఎరువును పచ్చిగా ఆకుకూరల మడికి వేయరాదు. రాణిఖేత్ వైరస్ 56 డిగ్రీల వద్ద మూడు గంటల్లో నశిస్తుంది. సరిగా పేర్చి, తడిపి, తిరగవేసిన ఎరువు కుప్ప లోపల అంత వేడి పుడుతుంది.

అంగడి నుంచి తెచ్చిన కొత్త కోడిని 21 రోజులు వేరుగా ఉంచాలి. ఇంటి కోళ్లకు మేత, నీరు పెట్టిన తరువాతే దాని దగ్గరకు వెళ్లాలి. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క కంటిలో, 8 వారాల వయసులో ఆర్‌2బి టీకా రెక్క కింద చర్మంలోకి వేయించాలి. టీకా సీసా సాధారణంగా 100 మోతాదులతో వస్తుంది, కలిపిన తరువాత రెండు గంటలకు మించి పనికిరాదు. నాలుగు కోళ్లున్న ఇల్లు ఒక్కటే తెప్పించుకుంటే మిగిలినదంతా వృథా. క్వార్టర్ల వరుస అంతా ఒకే రోజు, ఎండ ఎక్కకముందు, ఐస్ పెట్టెలో తెచ్చిన ఒక సీసాతో ఆరోగ్యంగా ఉన్న కోళ్లన్నిటికీ వేయించుకుంటే ఖర్చు కొన్ని రూపాయలకు మించదు.