అంత ఎత్తు నుంచి అడవి ఆరోగ్యం ఎలా తెలుస్తుంది?

చిట్టమూరు పిల్లలకు రాకెట్టు కొత్తేమీ కాదు. పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోటలో లేస్తే మిద్దె మీంచే చూడొచ్చు. 2016 డిసెంబరు 7న అలా వెళ్లిందే రిసోర్స్‌శాట్-2ఎ ఉపగ్రహం. అడవుల ఫొటోలు తీయడం దాని పనుల్లో ఒకటి. 817 కిలోమీటర్ల పైనుంచి చెట్లు వాడిపోయాయని దానికెలా తెలుస్తుంది?

ఆకు ఎండలోని ఎరుపు కాంతిని తిండి తయారీకి పీల్చుకుంటుంది. పరారుణ కాంతిని మాత్రం చాలావరకు వెనక్కి పంపేస్తుంది. ఇది మన కంటికి కనబడదు. టీవీ రిమోట్ నొక్కితే వచ్చేది ఇలాంటిదే. చెట్లు ఎండినా, నరికేసినా లెక్క తారుమారవుతుంది: ఎరుపు ఎక్కువగా, పరారుణం తక్కువగా తిరిగొస్తాయి. ఉపగ్రహం ఈ రెంటినీ కొలుస్తుంది. ఎంత తెలివైన కిటుకో చూడండి!

మరి మబ్బులు అడ్డొస్తే? 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన నైసార్ అనే ఉపగ్రహం రాడార్ తరంగాలతో మబ్బుల గుండా కూడా చూడగలదు.

రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద దాదాపు 23.5 మీటర్ల చదరం. ఒక్క చెట్టును కొట్టేస్తే దానికి తెలియకపోవచ్చు. కాబట్టి అడవిలో గొడ్డలి చప్పుడు విన్నా, పొగ కనబడినా వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి.