వైద్యసహాయక విద్య – పై చదువు

మా విడపనకల్లువంటి మెట్టసీమలో వేరుసెనగ పండిన యేఁడే బిడ్డ చదువునకు రూకలు చేకూఱును. కావున వైద్యసహాయక పట్టమునకుఁ గుమార్తెను బంపఁదలఁచు తల్లి జీతముకంటె ముందు పై చదువును విచారింపవలెను. 1965లో అమెరికాయందలి డ్యూకు విశ్వవిద్యాలయమునఁ బుట్టిన యీ విద్యను మన దేశమున 2021 నాఁటి చట్టము గుర్తించినది.

పట్టము విశ్వవిద్యాలయము పేరనే వచ్చునా? ఏఁడాది యభ్యాసము రోగులు నిండుగానున్న సొంత యాసుపత్రియందే జరుగునా? శస్త్రచికిత్సాశాలలో నిలువనిత్తురా, ఊరక చీటీలు వ్రాయింతురా? పిదప హృద్రోగాది విభాగములలోఁ బ్రత్యేకశిక్షణ కోరునపుడు పనికివచ్చునది యీ యనుభవమే. సహాయకురాలు వైద్యుని పర్యవేక్షణమునఁ బనిచేయునది గాని తాను వైద్యురాలు కాదు. ఈ సంగతి దాఁచు కళాశాలను నేను నమ్మను.

చదువు ముగించినవారి నిద్దఱు ముగ్గురినిఁ గలసి, ఇప్పు డెచ్చట నేమి చేయుచున్నారో యడుగుఁడు. రుసుము పిమ్మటఁ గట్టవచ్చును.