రచయితలు, వారికి నచ్చిన పుస్తకాలు

"మీకు నచ్చిన పుస్తకాలేవి?" అని రచయితలను అడగడం మన సాహిత్య పత్రికలకు చాలాకాలంగా ఉన్న అలవాటు. జవాబుగా వచ్చే జాబితాలు కూడా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి: భారతం, కన్యాశుల్కం, ఒకటి రెండు రష్యన్ నవలలు. అవి నిజం కావని మేము అనడం లేదు. అయితే పేరు చెప్పడం తేలిక. ఒక పుస్తకంతో రచయితకు ఎంత గాఢమైన అనుబంధం ఉందో తెలియాలంటే, ఆ పుస్తకం కోసం ఆయన ఎంత శ్రమపడ్డారో చూడాలి. తెలుగు రాష్ట్రాలకు వెలుపల తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు ఈ విషయం ప్రత్యేకంగా ఉపకరిస్తుందని తలచి, చంద్రపూర్ ప్రాంతంతో సంబంధమున్న ఒక ఉదాహరణను ఇక్కడ పరిశీలిస్తున్నాం.

రచయితల పఠనాన్ని గురించిన ఆధారాలు ముఖ్యంగా మూడు చోట్ల దొరుకుతాయి. మొదటిది స్వీయచరిత్ర. శ్రీశ్రీ 'అనంతం', తిరుమల రామచంద్ర 'హంపీ నుంచి హరప్పా దాక' ఈ కోవలోనివి. రెండవది పీఠిక. 'మహాప్రస్థానం'కు చలం రాసిన 'యోగ్యతాపత్రం' పేరుకు పీఠికే అయినా, ఒక పాఠకుడు ఆ కవిత్వాన్ని ఎలా అనుభవించాడో చెప్పే సాక్ష్యం. మూడవది అనువాదం. అనువాదకుడు ప్రతి వాక్యం దగ్గరా ఆగాలి, ప్రతి మాటనూ తూచి చూడాలి. అంత నిదానంగా చదివేవారు వేరొకరు ఉండరు. కాళోజీ నారాయణరావు ఖలీల్ జిబ్రాన్ 'ప్రాఫెట్'ను 'జీవన గీత'గా తెనిగించారంటే, ఆ గ్రంథంపై ఆయనకున్న ఇష్టానికి వేరే రుజువు అక్కర్లేదు. ఈ మూడింటిలోనూ అనువాదమే ఎక్కువ నమ్మదగినదని మా అభిప్రాయం.

ఇక మన ఉదాహరణకు వద్దాం. బల్లార్‌పూర్ సమీపంలోని బామ్ని నుంచి వార్ధా నది దాటితే రాజురా వస్తుంది. ఆ రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, అదిలాబాదు జిల్లాలో ఉండేది. నదికి ఈవలి చాందా, అంటే నేటి చంద్రపూర్, బ్రిటిష్ కాలంలో మధ్యపరగణాలకు చెందినది. అంటే ఒకప్పుడు ఈ నదికి అటు నిజాం ఏలుబడి, ఇటు బ్రిటిష్ ఏలుబడి. తెలుగు, మరాఠీ భాషలు మాత్రం రెండు ఒడ్డులలోనూ వినిపించేవి. 1947-48లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని పోరాడిన స్టేట్ కాంగ్రెసువారు సరిహద్దు వెంబడి శిబిరాలు పెట్టుకున్నారు. చాందా శిబిరంలో పనిచేసిన యువకులలో పి.వి. నరసింహారావు ఒకరు.

ఆయన 1991 నుంచి 1996 వరకు ప్రధానమంత్రిగా ఉన్నారని అందరికీ తెలుసు. ఆయన పఠనం గురించి తెలిసినవారు తక్కువ. 1921లో నేటి వరంగల్ ప్రాంతంలోని లక్నేపల్లిలో పుట్టిన ఆయన, వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందువల్ల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించలేకపోయారు. ఆ తరువాతి చదువు పూణె ఫెర్గుసన్ కళాశాలలోను, నాగపూరులోను సాగింది. ఇంటి భాష తెలుగు, రాజభాష ఉర్దూ, పై చదువులు మరాఠీ సీమలో. ఇన్ని భాషల మధ్య పెరిగిన పాఠకుడు ఏం చేశాడన్నదే మనకు ముఖ్యం.

ఆయన అనువాదాలలో రెండు నవలలు ప్రసిద్ధమైనవి. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. భారతీయ జ్ఞానపీఠం దానిని ప్రచురించింది. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవల 'పణ్ లక్షాత్ కోణ్ ఘేతో'ను 'అబల జీవితం' పేరుతో తెలుగు చేశారు. దీనిని సాహిత్య అకాడమీ ప్రచురించింది. ఒకటి తెలుగు నుంచి బయటికి వెళ్ళింది, రెండవది తెలుగులోకి వచ్చింది.

ఈ రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. 'వేయిపడగలు' పాత సంప్రదాయ వ్యవస్థ శిథిలమవుతుంటే కలిగిన వేదన. సుబ్బన్నపేటలో ఒక్కొక్క వ్యవస్థే కూలుతుంటే వేయి పడగల పాము పడగలు తగ్గిపోతూ వస్తాయి. ఆప్టే నవల 1890 తరువాత ఆయన సొంత పత్రిక 'కరమణూక్'లో ధారావాహికగా వెలువడింది. అందులో యమూ అనే స్త్రీ తన కథ తానే చెప్పుకుంటుంది. చదువుకున్న భర్త ఆదరణలో కొన్నాళ్ళు సుఖపడి, ఆయన పోయిన తరువాత బలవంతపు శిరోముండనానికి గురవుతుంది. ఒక నవల ఏ వ్యవస్థ కోసం కన్నీరు పెట్టుకుందో, ఇంచుమించు అదే వ్యవస్థను రెండవ నవల బోనులో నిలబెట్టింది. ఒకే పాఠకుడు రెండింటికోసమూ శ్రమపడ్డాడు!

దీనిని వైరుధ్యమనుకోనక్కర్లేదు. పుస్తకం నచ్చడం వేరు, అందులోని అభిప్రాయంతో ఏకీభవించడం వేరు. రచయితల ఇష్టాలను బట్టి వారిని ఫలానా పక్షమని తేల్చేవారు ఈ తేడాను మరచిపోతారు. మంచి పాఠకుడు తనతో వాదించే పుస్తకాన్ని కూడా దగ్గర పెట్టుకుంటాడు.

పేర్ల విషయంలో అనువాదకుడు చూపిన తేడా కూడా గమనించదగ్గది. 'సహస్రఫణ్' మూలానికి సరిగ్గా సరిపోయే పేరు. ఆప్టే పెట్టిన పేరుకు మాత్రం "కానీ, ఎవరు పట్టించుకుంటారు?" అని అర్థం. అది సమాజాన్ని నిలదీసే ప్రశ్న. తెలుగు పేరులో ప్రశ్న పోయి, కథావస్తువు మాత్రం మిగిలింది. తెలుగు పాఠకుడికి కథ దేని గురించో ముందే తెలిసింది. మరాఠీ పేరులోని నిష్ఠూరం మాత్రం అందలేదు. ఇది లాభమా, నష్టమా అనేది రెండు భాషలూ వచ్చినవారే చెప్పగలరు.

మేము ఈ ఉదాహరణ ఎంచుకున్న కారణం ఇక్కడే ఉంది. బామ్ని, బల్లార్‌పూర్, రాజురా వంటి చోట్ల తెలుగు కుటుంబాల పిల్లలలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. తెలుగు మాట వచ్చు గాని అక్షరం రాదు. మరొక తరం గడిస్తే మాట కూడా నిలుస్తుందన్న భరోసా లేదు. మరాఠీ వల్లనే తెలుగు పోతోందని కొందరు పెద్దలు బాధపడతారు. ఆ మరాఠీనే తెలుగు పఠనానికి మెట్టుగా ఎందుకు చేసుకోకూడదు?

అటువంటి విద్యార్థికి మా సూచన ఇది. ముందు ఆప్టే నవలలో ఒక అధ్యాయం మరాఠీలో చదవండి. తరువాత అదే అధ్యాయాన్ని 'అబల జీవితం'లో, కూడబలుక్కుంటూ అయినా సరే, పైకి చదవండి. కథ ముందే తెలుసు కాబట్టి తెలియని అక్షరం దగ్గర ఆగిపోరు. ఇంట్లో వినే మాట పుస్తకంలో కనబడినప్పుడు దాని కింద గీత గీయండి. నానమ్మ అనే మాటకూ, పుస్తకంలోని మాటకూ తేడా ఉంటే నోటుపుస్తకంలో రాసుకోండి. నాలుగైదు అధ్యాయాలు గడిచేసరికి, అనువాదకుడు ఎక్కడ మాటను మార్చాడో, ఎందుకు మార్చాడో మీకే తోస్తుంది. మరాఠీ రాని రాజమండ్రి విద్యార్థికి లేని సౌకర్యం ఇది.