అమ్మను కూడ అడగండి
రొమ్ము క్యాన్సరుకు ఏ ఆపరేషను చేయించాలో తేల్చుకునే ఇంటివారికి

మిరప కోతల కాలం. మాచర్ల చుట్టుప్రక్కల కళ్ళాల్లో కాయ ఎర్రగా ఆరుతూ ఉంటుంది. కూలీలకు అన్నం వండాలి, గేదెల పాలు తీయాలి, పదవ తరగతి పరీక్షలకు చదివే పిల్లవాడిని తెల్లవారుజామున లేపాలి. అటువంటి ఇంట్లో నలభై రెండేళ్ళ తల్లి ఉందనుకుందాం. రొమ్ములో రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు గనుక నాలుగు నెలలు ఎవరితోనూ చెప్పలేదు. చివరకు గుంటూరులో ముక్క పరీక్ష చేయించగా క్యాన్సరని తేలింది.

"గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే వచ్చారు, మంచిదయింది. రెండు మార్గాలున్నాయి. గడ్డవరకే తీసి, తరువాత కరెంటు పెట్టవచ్చు. లేదా రొమ్మంతా తీసివేయవచ్చు. ఇంట్లో మాట్లాడుకుని రండి" అన్నారు డాక్టరుగారు.

ఇంట్లో అందరూ మాట్లాడారు. "మొత్తం తీయించెయ్యి నాయనా, మళ్ళీ ఆ బెడద ఉండకూడదు" అన్నది అత్త. "కళ్ళంలో కాయ ఉంది, వారాల తరబడి గుంటూరులో ఎవరుంటారు?" అన్నాడు భర్త. "హైదరాబాదు తీసుకుపోదాం బావా" అన్నాడు తమ్ముడు. ఆమె మాత్రం వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని వింటున్నది. ఆమెను ఎవరూ అడగలేదు.

ప్రియ పాఠకులారా, ఈ కుటుంబం మేము ఊహించినదే. కాని మన సంఘాల్లో ఏ ఇంట్లోనైనా ఇది జరగవచ్చు. అందుకే ఆ రెండు మార్గాల సంగతి అందరూ తెలుసుకోవడం మంచిది.

మొత్తం తీస్తేనే బ్రతుకుతారా?

అత్త మాటలో ప్రేమ ఉంది. ఒకప్పుడు పెద్ద డాక్టర్లు సైతం అలాగే అనుకున్నారు. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు 19వ శతాబ్దపు చివరిలో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడ తీసివేసే పెద్ద ఆపరేషను ప్రవేశపెట్టాడు. ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదనే ఆలోచన సుమారు ఎనభై ఏళ్ళు రాజ్యమేలింది.

ఆ ఆలోచనను పరీక్షించి చూసినవారు ఇద్దరు. ఇటలీలోని మిలాను నగరంలో వెరోనేసి 1973 నుండి 701 మంది స్త్రీలను, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1976 నుండి 1,851 మందిని పరిశీలించారు. కొందరికి రొమ్మంతా తీశారు, కొందరికి గడ్డవరకే తీశారు. ఇరవై ఏళ్ళు గమనించిన తరువాత ఇద్దరి ఫలితాలూ 2002లో వెలువడ్డాయి. వ్యాధి తొలి దశలో ఉన్నవారిలో ఏ ఆపరేషను చేయించుకున్నా ఆయుష్షులో తేడా లేదని తేలింది.

అయితే ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఫిషర్ పరిశోధనలో గడ్డ మాత్రమే తీయించుకుని కరెంటు పెట్టించుకోని స్త్రీలలో నూటికి సుమారు 39 మందికి అదే రొమ్ములో వ్యాధి తిరిగి వచ్చింది. కరెంటు పెట్టించుకున్నవారిలో సుమారు 14 మందికే వచ్చింది. అందుచేత మొదటి మార్గాన్ని గడ్డ తీయడము, కరెంటు పెట్టడము కలిసిన ఒకే వైద్యంగా చూడాలి. సగం చేసి ఆపకూడదు.

ఇంటి పరిస్థితి ఎక్కడ అడ్డు వస్తుంది?

గడ్డవరకే తీస్తే ఆమె త్వరగా ఇంటికి వస్తుంది, రొమ్ము నిలుస్తుంది. కాని కరెంటుకు వారంలో అయిదు రోజుల చొప్పున సాధారణంగా మూడు నుండి అయిదు వారాలు వెళ్ళాలి. రోజూ బల్లమీద పడుకునేది కొద్ది నిమిషాలే గాని, దానికోసం గుంటూరో హైదరాబాదో చేరాలి. మాచర్లలో రైలెక్కి నడికూడి, సత్తెనపల్లి మీదుగా రోజూ పోయి రావడం నీరసంగా ఉన్న మనిషికి అయ్యే పని కాదు. అక్కడే బస చేయాలి.

రొమ్మంతా తీయించుకుంటే చాలామందికి కరెంటు అవసరం ఉండదు. కాని గడ్డ పెద్దదైనా, చంకలోని గ్రంథులకు వ్యాధి పాకినా అప్పుడు కూడ కరెంటు పెట్టవలసి రావచ్చు. కాబట్టి "మొత్తం తీయిస్తే ప్రయాణాలు తప్పుతాయి" అని ముందే అనుకోకుండా డాక్టరుగారిని అడగండి. కీమో ఇంజెక్షన్లు కావాలా అన్నది వ్యాధి స్వభావాన్నిబట్టి ఉంటుంది. ఆపరేషను రకాన్నిబట్టి కాదు.

కొందరికి ఎంచుకునే అవకాశమే ఉండదు. ఒకే రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలున్నా, రొమ్ము పరిమాణానికి గడ్డ మరీ పెద్దదైనా, ఆ ఛాతీకి ఇదివరకే కరెంటు పెట్టి ఉన్నా, డాక్టర్లు సాధారణంగా మొత్తం తీయమంటారు. గర్భవతికి ఆ సమయంలో కరెంటు పెట్టరు. కొన్నిసార్లు ముందుగా కీమో ఇచ్చి గడ్డను చిన్నది చేసి, తరువాత గడ్డవరకే తీస్తారు.

ఏ ఆపరేషనయినా తరువాత కొన్ని వారాలు నీళ్ళ బిందెలు, గడ్డిమోపులు ఎత్తకూడదు. డాక్టర్లు చూపిన చేతి వ్యాయామం చేయకపోతే భుజం బిగుసుకుంటుంది. చంకలో గ్రంథులు తీసినవారికి చెయ్యి వాచవచ్చు. ఆ చేతికి గాయం కాకుండా చూసుకోవాలి.

అన్నింటికంటె కీడైన మార్గం

మూడవ మార్గం ఒకటుంది. ఎవరూ దాన్ని ఎంచుకున్నామని చెప్పరు గాని, ఎంతోమంది నడిచేది అందులోనే. "కాయ అమ్మిన తరువాత", "పరీక్షలయ్యాక", "అమ్మాయి పెండ్లి అయ్యాక" అని వాయిదా వేయడం. ఆలోచించుకోవడానికి ఒకటి రెండు వారాలు తీసుకుంటే నష్టం లేదు. నెలలు గడిస్తే రేగుపండు నిమ్మకాయ అవుతుంది, ఉన్న రెండు మార్గాలూ మూసుకుపోతాయి. కత్తి పడితే క్యాన్సరు పాకుతుందన్న మాట నిజం కాదు, ఆలస్యమే పాకనిస్తుంది. ప్రార్థన చేస్తున్నాము గనుక ఆసుపత్రి ఎందుకని కొందరంటారు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడేనని మరువవద్దు.

సిగ్గు కూడ ఆలస్యానికి ఒక కారణం. మన స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకోరని గ్రహించిన అన్నా కుగ్లర్ దొరసాని 1883లో గుంటూరు వచ్చి వైద్యం మొదలుపెట్టారు. 1898లో ఆమె ఆసుపత్రి తెరుచుకుంది. నేడు ఆడ డాక్టర్లకు కొరత లేదు. "నాకు లేడీ డాక్టరు కావాలి" అని అడగడం తప్పు కాదు.

ఆమెను అడగడమంటే

పూర్వం అమెరికాలో కూడ స్త్రీని అడిగేవారు కాదు. ముక్క పరీక్షకని మత్తు ఇచ్చి, క్యాన్సరని తేలగానే ఆ మత్తులోనే రొమ్ము తీసివేసేవారు. లేచి తడిమి చూసుకుంటేగాని ఆమెకు తెలిసేది కాదు. 1974లో రోజ్ కుష్నర్ అనే విలేఖరి తనకు గడ్డ కనిపించినప్పుడు దానికి ఒప్పుకోలేదు. ముందు పరీక్ష, తరువాత నాతో మాట, ఆ తరువాతే ఆపరేషను అని పట్టుబట్టింది. 1979లో ఆ దేశపు ప్రభుత్వ నిపుణుల సంఘం అదే పద్ధతి మంచిదని చెప్పింది.

మన ఇళ్ళలో మత్తుమందు అక్కరలేదు. పెద్దల మాటల మధ్య ఆమె మౌనమే చాలు. భర్తలారా, ఒక సాయంత్రం ఆమె ప్రక్కన కూర్చుని అడగండి: "నీకు ఏది భయం? రొమ్ము పోవడమా, వ్యాధి తిరిగి వస్తుందనా, పిల్లల్ని వదిలి ఉండడమా?" ఒక తల్లి మొత్తం తీయించుకుంటేనే మనశ్శాంతి అనవచ్చు. మరొకామె రొమ్ము నిలుపుకోవాలని కోరవచ్చు. ఆ వయస్సులో ఇంకా ఆ అందమెందుకని ఎవరూ అనవద్దు. రెండూ సరైన జవాబులే. "ఇల్లు ఎట్లా గడుస్తుంది?" అన్న భయంతో వచ్చిన జవాబు మాత్రం ఆమె జవాబు కాదు. ఆ భయాన్ని మనం తీసివేయాలి.

ఖర్చు సంగతి: 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం క్రింద అర్హులైనవారికి క్యాన్సరు ఆపరేషను, కీమో, కరెంటు వైద్యం ఉన్నాయి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో నాట్కో సంస్థ సాయంతో కట్టిన క్యాన్సరు విభాగముంది. కార్డులు వెంట తీసుకువెళ్ళి అడగండి.

సంఘం చేయగల పని

పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసుకుని వచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ముందుకు దింపిన సంగతి మనకు తెలుసు. మోసేవారు లేకపోతే అతడు మంచంమీదనే ఉండేవాడు. స్త్రీల సమాజంవారు ప్రార్థనతోపాటు ఒక కాగితం తీసుకుని పేర్లు వ్రాయండి: గేదెల పాలు ఎవరు తీస్తారు, పిల్లలకు రాత్రి అన్నం ఏ ఇంట్లో, కళ్ళం దగ్గర కాపలా ఎవరు, గుంటూరులో ఆమెకు తోడు ఏ వారం ఎవరు. గుంటూరులో బంధువులున్నవారు ఒక గది చూపించండి.

ఆ కాగితాన్ని ఆమె చేతిలో పెట్టి, అప్పుడు అడగండి: "అమ్మా, నీకు ఏ ఆపరేషను కావాలి?"