రాసిందంతా ఒంటికి పడుతుందా?

పచ్చిమిరపకాయలు తరిగిన చెయ్యి ఎంతసేపు మండుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. పండుమిరప పచ్చడి పట్టిన రోజైతే రాత్రి నిద్రే ఉండదు. ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా మంట వదలదు. అదే కాస్త నూనె రుద్దుకుని, ఆపైన సబ్బుతో కడిగి చూడండి, చాలావరకు తగ్గుతుంది. మిరపలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. అది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అణువు చిన్నది కావడంతో చర్మం పైపొరలోకి దూరిపోయి లోపలి నరాల కొసల్ని తడుతుంది.

మరి కలబంద సంగతేమిటి? గుజ్జు తీసి ముఖానికి పట్టిస్తే చల్లగా ఉంటుంది, ఆరాక చర్మం బిగిసినట్టనిపిస్తుంది. కానీ ఆ జిగురులోని పెద్ద పెద్ద చక్కెర గొలుసులు చర్మాన్ని దాటి లోపలికి పోలేవు. పైనే ఉండి తేమను పట్టి ఉంచుతాయి. అదీ ఉపయోగమే, కాదనలేం. కాకపోతే ‘చర్మం లోలోపలికి ఇంకిపోయే కలబంద’ అని ఎవరైనా అమ్మజూపితే ఓ క్షణం ఆగి ఆలోచించాలి.

వేప, పసుపు, కలబంద, సరస్వతి ఆకు... వీటిలో ఏదో ఒక బొమ్మ లేని క్రీము డబ్బా ఈ రోజుల్లో కనబడటమే అరుదు. మొక్క మంచిదే కావచ్చు. అయితే దాని సారం చర్మం దాటాలంటే బొమ్మ చాలదు. మోసుకెళ్లే బండి సరైనదై ఉండాలి. క్రీముల్లో ఆ బండి పేరే ఎమల్షన్.

ఇటుకా అడుసూ

మన చర్మం పైపొర ఒక గోడ లాంటిది. చనిపోయిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థం అడుసు. ఒంటి మీద చాలాచోట్ల ఈ గోడ మందం తలవెంట్రుకంత కూడా ఉండదు. అరచేతులు, అరికాళ్లలో మాత్రం బాగా మందం. ఇంత పలచటి గోడే ఒంట్లో నీరు ఆవిరైపోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా కాపలా కాస్తుంది.

దీన్ని దాటాలంటే రెండు అర్హతలుండాలి. మొదటిది, అణువు చిన్నదై ఉండాలి. అణుభారం 500 దాటితే మామూలు చర్మంలోంచి వెళ్లడం కష్టమని 2000లో బాస్, మైనార్డీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు. రెండోది, ఆ పదార్థం కొవ్వులోనూ నీటిలోనూ కొంత కొంత కరగాలి. ఎందుకంటే కొవ్వు అడుసు దాటాక కింద ఉన్నది నీరు ఎక్కువగా ఉండే పొర.

క్యాప్సైసిన్ అణుభారం 305. పసుపులోని కుర్కుమిన్ 368. అంటే పసుపు మొదటి పరీక్ష నెగ్గినట్టే. చిక్కల్లా రెండోదాంతోనే, కుర్కుమిన్ నీళ్లలో కరగదు. సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్‌ది వేరే కష్టం. దాని భారం 959, గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

పసుపును ఉత్త నీళ్లలో కలిపి పూసుకుంటే రంగు అంటుతుంది గానీ లోపలికి పోయేది స్వల్పం. మీగడలో కలిపి పట్టించే పాత అలవాటులో అర్థం లేకపోలేదు. గాయం మీద పసుపు అద్దడం వేరే సంగతి. అక్కడ గోడే కూలి ఉంటుంది కాబట్టి పసుపు నేరుగా లోపలి కండకే తగులుతుంది. (పుండు మాన్పే ఆ గుణానికే అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చేశారు! మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి వాదిస్తే 1997లో రద్దయింది.)

మన వంటింట్లోనే ఉంది

ఎమల్షన్ అంటే మరేం లేదు, కలవని నూనెనీ నీళ్లనీ విడిపోకుండా కలిపి ఉంచడం. పాలు ఒక ఎమల్షన్, నీటిలో కొవ్వు బిందువులు. వెన్న దానికి తిరగబడ్డ రూపం, కొవ్వులో నీటి బిందువులు. రెంటినీ పట్టి ఉంచేందుకు ఒక మధ్యవర్తి కావాలి. పాలలో ఆ పని ప్రొటీన్లు చేస్తాయి, గుడ్డు పచ్చసొనలో లెసిథిన్ చేస్తుంది. క్రీముల్లో అందుకోసమే ఎమల్సిఫయర్లు వేస్తారు.

మీ దగ్గరున్న క్రీము ఏ రకమో తెలుసుకోవాలా? గ్లాసెడు నీళ్లలో చిటికెడు వేసి కలపండి. పాలలా కలిసిపోతే అది నీటిలో నూనె రకం, చర్మం మీద తేలిగ్గా ఉంటుంది. ముద్దగా తేలుతూ ఉండిపోతే నూనెలో నీరు రకం. జిడ్డుగా ఉంటుంది, పగిలిన మడమలకీ చలికాలపు పొడి చర్మానికీ అదే మేలు.

మొక్క సారాన్ని ముందు నూనె బిందువుల్లో కరిగిస్తారు. క్రీము రాయగానే అది పలచటి పొరలా పరుచుకుంటుంది. పైనున్న నీరు కాస్త ఆరిపోతుంది, మిగిలిన నూనె చర్మపు కొవ్వుతో చుట్టరికం కలుపుకుంటుంది. చర్మంలోంచి తేమ బయటికి పోకుండా ఆ పొర ఆపుతుంది కూడా. తడిసి మెత్తబడిన గోడ కాస్త సులువుగా దారి ఇస్తుంది. బిందువుల్ని కంటికి కనబడనంత సన్నగా, మిల్లీమీటరులో పదివేలో వంతుకి అటూ ఇటూగా విడగొడితే దాన్ని నానో ఎమల్షన్ అంటున్నారు. అంత సన్నబడితే చర్మానికి తగిలే వైశాల్యం పెరిగి, సారం మెరుగ్గా అందుతుంది.

ఇక్కడో తమాషా ఉంది. నూనె ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటాం కదా? కాదు. సారం ఆ నూనెలో మరీ హాయిగా కరిగిపోతే, సీటు దొరికిన ప్రయాణికుడిలా బండి దిగదు. క్రీములోనే ఉండిపోయి, తుడుచుకున్నప్పుడు గుడ్డకి అంటుకుంటుంది. అందుకే పాళ్లు కుదర్చడం పెద్ద విద్య.

ఈ విద్య మన వైద్యులకి కొత్త కాదు. ఆయుర్వేదంలో శతధౌత ఘృతం అని ఒకటుంది. ఆవునెయ్యిని రాగిపాత్రలో వేసి, నీళ్లు పోసి చేత్తో మర్దించి, ఆ నీళ్లు వంపేసి మళ్లీ కొత్త నీళ్లు పోస్తారు. అలా వందసార్లు! చివరికి నెయ్యి రంగూ వాసనా పోయి, తెల్లగా నురగలాంటి లేపనం మిగులుతుంది. పని చేసే చేతులకి తెలుస్తుంది ఆ కష్టం.

మొక్కే కదా అనుకోకండి

గోడ దాటించే దారి మంచికే కాదు, చెడుకీ దారే. పొగాకు తోటల్లో తడి ఆకు కోసే కూలీలకి తలతిరుగుడు, వాంతులు రావడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. కాల్చక్కర్లేదు, నమలక్కర్లేదు. ఆకు మీది తడిలో కలిసిన నికోటిన్ చర్మంలోంచే రక్తంలోకి పోతుంది. దాని అణుభారం 162 మరి! ప్రకాశం జిల్లా ఆడకూలీలు పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని పనికి పోవడం ఎండ కోసమే కాదు, ఇందుక్కూడా మంచిది.

కేరళలో కొట్టక్కల్ దగ్గర 2021-23 మధ్య ఒక ఆసుపత్రి డాక్టర్లు మూత్రపిండాల పొర దెబ్బతిన్న 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి అరుదైన ఒకే రకం జబ్బు. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే! అలాంటి క్రీముల్లో కలిపే పాదరసమే దీనికి మూలమని వైద్యుల అభిప్రాయం. రాసింది ముఖానికి, దెబ్బ తగిలింది కిడ్నీకి. తయారీదారు పేరూ చిరునామా లేకుండా ‘మూలికలే’ అని అమ్మే డబ్బాని ఎంత చవకైనా ఇంటికి తేవద్దు. వారంలో తెలుపు అన్నారంటే అనుమానించాల్సిందే.

పసిపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం పెద్దవాళ్లకంటే ఎక్కువ. అందుకని రాసింది ఒంటికి పట్టేదీ ఎక్కువే. జలుబు చేసిందని రెండేళ్ల లోపు పిల్లలకి కర్పూరం నూనె పట్టించకండి, మూర్ఛలు రావచ్చు.

ఇంట్లో చేసుకుంటారా?

చేసుకోండి, తప్పేం లేదు. వేపాకు వేసి కాచిన కొబ్బరినూనెలో నీటి చెమ్మ లేకుండా చూస్తే చాలాకాలం నిలవ ఉంటుంది. అదే కలబంద గుజ్జో పన్నీరో కలిపారంటే నీరు చేరినట్టే, సూక్ష్మక్రిములకి విందే. రెండు మూడు రోజులకి సరిపడా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టండి. మీగడ పసుపు ఏ పూటకి ఆ పూటే. వేలితో తియ్యకండి, పొడి చెంచా వాడండి.

కొత్త క్రీము ఏదైనా, కొన్నదైనా చేసుకున్నదైనా, ముందు మోచేతి మడత దగ్గర కాస్త రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే అక్కడితో ఆపేయండి. డబ్బాలో నూనె ఒకవైపు, నీరు ఒకవైపు విడిపోయి కనిపిస్తే బండి విరిగిపోయిందని గుర్తు. సగం ఖర్చు కాకపోయినా పారెయ్యండి.