పిల్లల మొదటి కెమెరా: దుకాణానికి వెళ్లే ముందు



దసరా సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, పేరెంట్స్ మీటింగ్ రోజున ఫోటోగ్రఫీ క్లబ్ బల్ల దగ్గర ఒకే ప్రశ్న పదేపదే వినిపిస్తుంది. "మావాడు కెమెరా కావాలని ఒకటే పోరు సార్, ఏది కొనమంటారు?" ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకో మాట: "అరవై వేలు పోసి కొన్నాక మూణ్ణాళ్ల ముచ్చటై బీరువాలో పడి ఉంటే?" మొదటి ప్రశ్నకన్నా ఈ రెండోదే ముఖ్యం. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మీ అబ్బాయో అమ్మాయో ఫోన్‌తో రోజుకు ఎన్ని ఫోటోలు తీస్తున్నారన్నది లెక్కలోకి రాదు. తీసినవాటిని మళ్లీ తెరిచి చూసుకుంటున్నారా, బాగా రానివి తామే తీసేస్తున్నారా, అదే బొమ్మ కోసం మర్నాడు మళ్లీ వెళుతున్నారా అన్నది చూడండి. ఒక నెలపాటు చిన్న పని అప్పజెప్పండి. వీధి చివరి ఇస్త్రీ బండి కావచ్చు, ఇంటి ముందు వేపచెట్టు కావచ్చు, ఒకే చోటును తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ తీసి పది ఫోటోలు ఎంచి చూపించమనండి. ఏ ఫోటో ఎందుకు ఎంచుకున్నారో రెండు ముక్కలు చెప్పగలిగితే ఆ ఆసక్తిని నమ్మవచ్చు. వారం తిరక్కముందే మానేస్తే, మీకు అరవై వేలు మిగిలినట్టే. పిల్లలనూ తప్పు పట్టనక్కర్లేదు, ఆ వయసులో ఇష్టాలు మారుతూనే ఉంటాయి.

ఇంకొకటి. ఫోన్ మీద వాళ్ల ఫిర్యాదు ఏమిటో వినండి. "క్లాసులో అందరికీ ఉంది" అంటే ఇంకొన్నాళ్లు ఆగవచ్చు. "అక్క కూచిపూడి చేస్తుంటే చేతులన్నీ అలికినట్టు వస్తున్నాయి" అన్నా, "చెరువులో కొంగ చుక్కంత కనిపిస్తోంది" అన్నా, పిల్లలు ఫోన్ హద్దు దాకా వచ్చేశారన్నమాట. ఏ కెమెరా కొనాలో కూడా ఆ ఫిర్యాదే చెబుతుంది.

కూచిపూడి సంగతే తీసుకుందాం. వార్షికోత్సవం స్టేజీ లైట్లు మన కంటికి ధగధగలాడుతున్నా, కెమెరాకు ఆ వెలుతురు తక్కువే. కెమెరాలోకి ఎంత వెలుతురు రావాలో రెండు విషయాలు నిర్ణయిస్తాయి. లెన్సు కన్ను ఎంత వెడల్పుగా తెరుచుకుంది అన్నది ఒకటి (దీన్ని అపర్చర్ అంటారు), ఎంతసేపు తెరుచుకుంది అన్నది రెండోది (ఇది షట్టర్ స్పీడు). చాలనప్పుడు వచ్చిన సిగ్నల్‌ను పెంచి చూపేది ఐఎస్‌ఓ. అది పెంచేకొద్దీ బొమ్మలో ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి.

కెమెరాతోపాటు పెట్టెలో వచ్చే 18–55 ఎం.ఎం. కిట్ లెన్సును బాగా జూమ్ చేస్తే దాని కన్ను సాధారణంగా ఎఫ్ 5.6 కన్నా వెడల్పు కాదు. ఒక స్టేజీ మీద ఐఎస్‌ఓ 1600 పెడితే షట్టర్ 1/60 సెకను వచ్చిందనుకోండి. నాట్యం చేసే చెయ్యి ఆ వ్యవధిలో కదిలిపోతుంది, అందుకే అలికినట్టు వస్తుంది. 1/250 కావాలంటే ఐఎస్‌ఓను 6400కు పెంచాలి, అప్పుడు చుక్కలు వస్తాయి. అదే కెమెరాకు 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు బిగిస్తే ఎఫ్ 5.6తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. అంటే ఐఎస్‌ఓ 1600 దగ్గరే ఉంచి 1/500 సెకనుకు తీయవచ్చు. చెయ్యి ఎక్కడిదక్కడ ఆగుతుంది, మువ్వలు విడివిడిగా కనిపిస్తాయి. అంఖెలు తారుమారుగా ఉండి పెద్దవాళ్లను కూడా తికమకపెడతాయి. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే కన్ను పెద్దదని గుర్తుంచుకుంటే చాలు.

ఈ 50 ఎం.ఎం. లెన్సుకు జూమ్ ఉండదు. ముప్పై అడుగుల దూరం నుంచి సుమారు పదిహేను అడుగుల వెడల్పు మేర మాత్రమే పడుతుంది. ఇంకా దగ్గరగా కావాలంటే మనమే ముందుకు నడవాలి. నన్నడిగితే నేర్చుకునే పిల్లలకు ఇదే మంచి గురువు. కూర్చున్నచోటే జూమ్ తిప్పే అలవాటు పోయి, ఎక్కడ నిలబడాలో ఆలోచించడం వస్తుంది.

పక్షులంటే ఇష్టమున్న పిల్లల దారి వేరు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులను తీయాలన్నా, నేలపట్టుకు వెళ్లాలన్నా ఈ రెండు లెన్సులూ చాలవు. 55–250 లేదా 70–300 ఎం.ఎం. జూమ్ కావాలి. అందుకే "మంచి కెమెరా ఏది" అని నేరుగా చెప్పడం కష్టం. మీ పిల్లలు దేన్ని తీయాలనుకుంటున్నారో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

దుకాణంలో ముందుగా చెప్పేది మెగాపిక్సెళ్లు. దాన్ని పెద్దగా పట్టించుకోకండి. ఏ4 కాగితమంత ప్రింటు నాణ్యంగా రావడానికి తొమ్మిది మెగాపిక్సెళ్లు సరిపోతాయి. ఇవాళ ప్రారంభ స్థాయి కెమెరాల్లోనూ 24 దాకా ఉంటున్నాయి. అసలు తేడా సెన్సర్ సైజులో ఉంది. ఫోన్ సెన్సర్ దాదాపు వేలి గోరంత. మనం కొనే తరహా కెమెరాల్లో ఏపీఎస్-సీ అనే సెన్సర్ ఉంటుంది, సుమారు 23 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. ఎత్తు. ఫుల్ ఫ్రేమ్ అంటే 36, 24 మి.మీ. అది మరీ బాగుంటుంది, కానీ దాని లెన్సుల బరువూ ధరా కూడా అలాగే ఉంటాయి. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే బంధువు ఎవరైనా "కొంటే ఫుల్ ఫ్రేమే కొను బావా" అంటారు. వాళ్ల పనికి అది సరైన మాటే. తొమ్మిదో తరగతి పిల్లకు ఏపీఎస్-సీ చాలు.

డీఎస్‌ఎల్‌ఆరా, మిర్రర్‌లెస్సా? కొత్తది కొంటే మిర్రర్‌లెస్ అనే చెబుతాను. కానన్, నికాన్ రెండూ 2018లో తమ కొత్త మిర్రర్‌లెస్ వరుసలు మొదలుపెట్టాయి, కొత్త మోడళ్లూ లెన్సులూ ఇప్పుడు వాటిలోనే వస్తున్నాయి. కానన్ ఆర్50, నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 ఈ కోవలోవి. చివరి రెండింటిలో కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, వెనక తెరలోనే చూడాలి. వీడియోకు ఇబ్బంది లేదు కానీ మన ఎండల్లో ఆ తెర సరిగా కనిపించదు. ఫోటోలే ముఖ్యమైతే వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోండి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, ఎందుకంటే అద్దంలో చూస్తున్నంతసేపూ సెన్సర్, తెర పనిచేయనక్కర్లేదు. మిర్రర్‌లెస్ కొంటే రెండో బ్యాటరీని కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

బడ్జెట్ ఎంతైనా, మొత్తం బాడీ మీదే పెట్టకండి. బాడీ నాలుగైదేళ్లలో పాతబడుతుంది, మంచి లెన్సు పదేళ్లు వస్తుంది. ఖరీదైన బాడీకి కిట్ లెన్సు తగిలించి ఆపేయడం కన్నా, ఒక మెట్టు కింది బాడీ కొని, మిగిలిన డబ్బుతో ఆరు నెలల తర్వాత రెండో లెన్సు కొనడం మేలు. ఆరు నెలలు ఎందుకంటే, ఏ లెన్సు కావాలో అప్పటికి పిల్లలకే తెలిసిపోతుంది. "కాంబో" పేరుతో ఇచ్చే నాసిరకం ట్రైపాడ్, పేరులేని మెమరీ కార్డు కోసం ఆశపడవద్దు. కార్డు పాడైతే టూరు ఫోటోలన్నీ పోతాయి. పేరున్న కంపెనీ 64 జీబీ కార్డు ఒకటి చాలు. బిల్లు లేకుండా తగ్గిస్తామన్నా, భారతదేశంలో చెల్లే వారంటీ కార్డు లేకపోయినా వెనక్కి రండి.

సెకండ్‌హ్యాండ్ అంటే మన ఇళ్లలో చిన్నచూపు ఉంది గానీ, మొదటి కెమెరాకు అది తెలివైన దారి. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు ఇప్పుడు సగానికి సగం ధరకు దొరుకుతున్నాయి, నేర్చుకోవడానికి వాటిలో ఏ లోటూ లేదు. చూడాల్సినవి చూడండి. మొదటి యజమాని బిల్లు, బిల్లులోని సీరియల్ నంబరు, బాడీ అడుగున నంబరు ఒకటే కావాలి, లేకపోతే దొంగ సరుకేమో ఎవరికి తెలుసు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. తెల్లగోడను ఎఫ్ 16 పెట్టి తీస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. లెన్సులోకి ఫోన్ టార్చి వేసి చూడండి, సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే అది ఫంగస్, వద్దనండి. నికాన్ డి3500, డి5600 వంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా దొరికే పాత 1.8డి లెన్సు వాటికి బిగుస్తుంది కానీ ఆటోఫోకస్ పనిచేయదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి.

ఆ ఫంగస్ మన ఇంట్లోనూ పడుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో మరీ ఎక్కువ, వానాకాలంలో హైదరాబాద్‌లోనూ తప్పదు. తోలు సంచిలో పెట్టి బీరువాలో బిగించడం దానికి పుట్టినిల్లు కట్టివ్వడమే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, గింజల రంగు మారగానే మార్చండి. కొందరు బియ్యంలో పెడతారు. బియ్యప్పిండి దుమ్ము లెన్సులో చేరుతుంది, ఆ పని చేయకండి. అన్నిటికన్నా మంచి మందు వారానికోసారైనా బయటికి తీసి వాడటం.

ఇక మార్కుల సంగతి. "తొంభై ఐదు శాతం తెచ్చుకో, కొనిస్తా" అనే ఒప్పందం చాలా ఇళ్లలో జరుగుతోంది. దయచేసి వద్దు. మార్కులు వస్తే కెమెరా గెలుచుకున్న బహుమతిలా మారుతుంది, గెలిచాక దానిమీద ఆసక్తి తగ్గుతుంది. రాకపోతే నిజంగా ఇష్టమున్న పిల్లకు ఆ ఇష్టమే శిక్ష అవుతుంది. కొనగలిగితే, పిల్లలు సిద్ధంగా ఉంటే కొనండి. పరీక్షల నెలలో ఆదివారం ఉదయం మాత్రమే అని ఒక హద్దు పెట్టండి, వాళ్లు ఒప్పుకుంటారు. చదువుకు ఇది అడ్డమనే భయం అక్కర్లేదు. ఆరో నిజాం ఆస్థానంలో పనిచేసి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ చదివింది రూర్కీలో ఇంజినీరింగే. ఈ దారిలోనే సాగాలనుకునే పిల్లలకు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ ఫోటోగ్రఫీ ఉంది.

కెమెరా ఇంటికి వచ్చిన రోజే ఒక మాట చెప్పి ఇవ్వండి. తోటి విద్యార్థుల ఫోటో తీసే ముందు అడగాలి. అడిగి తీసినా వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు, ముఖ్యంగా వాట్సాప్ గ్రూపుల్లో. తొలగించమంటే వాదించకుండా వెంటనే తొలగించాలి. రోడ్డు మీద కూరగాయలమ్మే అవ్వకూ ఇదే వర్తిస్తుంది. క్లాస్ టీచర్ రాతపూర్వక అనుమతి లేనిదే కెమెరాను బడికి పంపవద్దు.

ఏది కొనాలో తేల్చుకోలేకపోతే శనివారం క్లబ్ గంటకు పిల్లలతో కలిసి రండి. క్లబ్ కెమెరాను ఓ గంట చేతికిస్తాం. బరువు మోయగలరా, వేళ్లు బటన్లకు అందుతున్నాయా అన్నది చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. వచ్చేటప్పుడు ఆ పది ఫోటోలు తీసుకురావడం మరచిపోకండి.